వెంట వచ్చిన పడవలు

కోనసీమ క్రైస్తవుల విశ్వాసంలో సముద్రానికి ఉన్న చోటేమిటి? 1836లో సువార్తను మోసుకొచ్చిన ఓడ దగ్గర మొదలుపెట్టి, 1996 నాటి ఉప్పెన మీదుగా, ఈ పూట కువైట్‌లో ఇంటిపని చేస్తున్న ఆడబిడ్డ దాకా.

తుపాను కథ తెలియని క్రైస్తవ పిల్లలు కోనసీమలో ఉండరు. సండే స్కూల్లో మొదట నేర్పే కథల్లో అదొకటి. సాయంకాలం యేసు శిష్యులతో కలిసి గలిలయ సముద్రం దాటుతుంటాడు. పెనుగాలి లేస్తుంది. అలలు దోనెలోకి కొడతాయి. ఆయన మాత్రం వెనకభాగాన తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతుంటాడు. శిష్యులు కంగారుపడి లేపుతారు. ఆయన లేచి గాలిని గద్దిస్తాడు, నీళ్లు సద్దుమణుగుతాయి.

మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో ఈ కథ మొదట్లోనే ఒక చిన్న సంగతి ఉంది. బయలుదేరింది ఆ ఒక్క దోనే కాదు, వెంట మరికొన్ని దోనెలు కూడా వచ్చాయి. మత్తయి, లూకా ఇదే కథ చెప్పారుగాని ఆ సంగతి రాయలేదు. మార్కు కూడా ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు. వాటిలో ఎవరున్నారో, చివరికి ఏమయ్యారో చెప్పలేదు. కానీ గాలి ఆగిందంటే వాళ్లకూ ఆగినట్టే కదా. ఆయన్ని ఎక్కించుకోని పడవలవి. ఆయన్ని లేపింది వాళ్లు కాదు. గాలి ఎవరి మాటకు ఆగిందో ఆ చీకట్లో వాళ్లకు తెలిసే వీల్లేదు. అయినా ఆ ప్రశాంతతలో వాళ్లకూ వాటా దక్కింది.

ఈ భాగం మీద ప్రసంగించేవారు చాలామంది ఆ పడవల దగ్గర ఆగరు. నేరుగా ‘నీ జీవిత నావలో ప్రభువున్నాడా’ అన్న ప్రశ్నకు వెళ్లిపోతారు. అది మంచి ప్రశ్నే. కానీ నిజమైన సముద్రం ఉన్న చోట, దాని గాలి ఏ ఇంటి కప్పునూ వదలని చోట, నాకు ఆ పక్క పడవలే ముఖ్యంగా కనిపిస్తాయి. కోనసీమలో క్రైస్తవ విశ్వాసం సముద్రంతో ఎలా బతికిందో చూస్తే ఆ పడవలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

ఉప్పునీటి మీద వచ్చి, కాలువ వెంట లోపలికి

తమిళనాడు, కేరళ తీరాల్లో క్రైస్తవం అనగానే మత్స్యకారులు గుర్తొస్తారు. 1530లలో ముత్యాల తీరపు పరవలు పల్లెలకు పల్లెలు బాప్తిస్మం పొందారు. 1542లో ఫ్రాన్సిస్ జేవియర్ వారి మధ్యకు వచ్చాడు. తుపాను నుంచి బయటపడ్డ పోర్చుగీసు నావికులు మొక్కు చెల్లించుకోవడానికి వేళాంకణిలో మరియమాత గుడి కట్టారని అక్కడివారి నమ్మకం. ఆ తీరంలో సముద్రమూ, చర్చీ పక్కపక్కనే పెరిగాయి.

మన దగ్గర అలా జరగలేదు. అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానాం, బలుసుతిప్ప... ఈ వరసలో వేటకు వెళ్లే అగ్నికుల క్షత్రియ కుటుంబాల్లో ఎక్కువమంది గంగమ్మకు మొక్కి నావ దింపేవాళ్లే. క్రైస్తవ సంఘాలు ఎక్కువగా ఉన్నది లోపల, వరిచేల పక్కన, కొబ్బరితోటల వెనక ఉన్న దళిత పేటల్లో. కూలికి వెళ్లేవాళ్లకు, కొబ్బరి దింపేవాళ్లకు, పీచు పనిచేసే ఆడవాళ్లకు సముద్రం వల వేసే చోటు కాదు. చేలోకి ఎక్కే ఉప్పుగా వాళ్లకది తెలుసు. మొగలు పూడిపోయి డ్రెయిన్లు వెనక్కి తన్నితే కుళ్లిపోయే నారుమడిగా తెలుసు. దీపావళి ముందో వెనకో కప్పు ఎగరగొట్టే గాలిగా తెలుసు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశం దృష్టిలో పడ్డప్పుడు, చెప్పుకున్న కష్టాల్లో ఈ ముంపు కూడా ఉంది. రైతు చేను వదిలేస్తే ముందు పని పోయేది ఈ పేటలకే.

చిత్రం ఏమిటంటే, బైబిలు రాసినవాళ్లకూ సముద్రం ఇలాగే తెలుసు. ఇశ్రాయేలీయులు గొర్రెల కాపరులు, కొండపొలాల రైతులు. ఓడలు తూరు, సీదోను వాళ్లవి. పాత నిబంధనలో సముద్రం చాలాచోట్ల భయమే. యోబు గ్రంథంలో దేవుడు సముద్రానికి తలుపులూ గడియలూ పెట్టి, ఇక్కడిదాకే రావాలని హద్దు గీస్తాడు. బీచికి సరదాగా వెళ్లొచ్చే పట్నవాసికి అది అందమైన కవిత్వం. అల్లవరం, కాట్రేనికోన మండలాల్లో చేను చేసేవాడికి అది పొలం సరిహద్దు తగాదా. ఆ హద్దు గట్టిగా ఉంటేనే అతనికి తిండి.

అలాంటి నేలకు సువార్త సముద్రం మీదే వచ్చింది. ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు బార్న్‌స్టేపుల్ ఊరివాళ్లు విలియం బౌడెన్, జార్జి బీర్. ఒకరు రాళ్లు చెక్కే మేస్త్రీ, ఒకరు చెప్పులు కుట్టే పనివాడు. బాగ్దాదులో పనిచేసి, తర్వాత గోదావరి ప్రాంతం చూసి వెళ్లిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ మాట మీద, 1836లో భార్యలతో కలిసి ఓడెక్కారు. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. అప్పటికి ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి రావడం తప్ప దారి లేదు, నెలల ప్రయాణం. వెనక జీతమిచ్చే మిషన్ సొసైటీ లేదు. మద్రాసులో దిగి, బందరులో కొన్నాళ్లుండి, నరసాపురం చేరారు. వశిష్ఠ గోదావరికి ఇవతలి ఒడ్డు సఖినేటిపల్లి, అవతలి ఒడ్డు నరసాపురం. ఇవాళ్టికీ పంటు ఎక్కి దాటే రేవు అది. గోదావరి డెల్టా మిషన్ పేరుతో తర్వాత స్థిరపడిన బ్రదరెన్ సంఘాల పుట్టుక అక్కడే.

చెప్పులు కుట్టే చేతుల్ని ఊరవతల పెట్టిన సీమకు, చెప్పులు కుట్టి బతికిన మనిషే దేవుని మాట చెప్పడానికి వచ్చాడు. పేటల్లో ఆ సువార్త ఎందుకు వేరూనిందో ఆలోచించేవాళ్లు ఈ సంగతిని తేలిగ్గా తీసెయ్యకూడదు.

వచ్చిన మూడేళ్లకే సముద్రం తన సంగతి చూపించింది. 1839 నవంబరులో కోరంగిని ఉప్పెన ముంచేసింది. అంతకుముందు 1789లో ఒకసారి తుడిచిపెట్టిన రేవే అది. 1833 నాటి కరువు గాయం ఇంకా ఆరకముందే పడిన దెబ్బ. 1821, 1841 మధ్య రాజమండ్రి జిల్లా జనాభా పెరగడం మాట అటుంచి, బాగా తగ్గిపోయింది. ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ ఈ దుస్థితి చూసి వచ్చినవాడు. స్వయంగా గట్టి క్రైస్తవ భక్తుడు, ఈ మిషనరీలకు అండగా ఉన్నవాడు. అయితే ఆయన తవ్వించిన కాలువ ఎవరి చేను ఏ మతందని అడగలేదు. అందుకే గోదావరి స్నానానికి వెళ్లిన పండితులు సంకల్పంలో ఆయన పేరు తలిచేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ కాలువే ఇక్కడి క్రైస్తవులకు ఎర్రసముద్రం కూడా అయింది. బ్రదరెన్లు, బాప్టిస్టులు నీళ్లు చిలకరిస్తే ఒప్పుకోరు, మనిషి పూర్తిగా మునగాలి. కోనసీమలో బాప్తిస్మాలంటే ఎక్కువగా కాలువ రేవే. సంఘపెద్ద ముందుగా దిగి నడుము లోతున అడుగు కుదురుగా ఉన్నచోటు కాళ్లతో వెతుక్కుంటాడు. తెల్లచీర కొంగు బిగించిన అమ్మాయి రేవు మెట్లు పట్టుకుని దిగుతుంది. ఆయన ఒక చెయ్యి వీపు వెనక వేస్తాడు, ఆమె రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. ఒక్క మునక. లేచేసరికి గట్టు మీద పాట అందుకుంటారు, ఎవరో తువ్వాలు పట్టుకుని మోకాలి లోతు దాకా దిగి ఉంటారు. అవతలి గట్టున గేదెలు కడుగుతున్న మనిషి చెయ్యి ఆపి చూస్తాడు. ఇశ్రాయేలీయులు సముద్రంలో నడిచి వచ్చినదే వారికి బాప్తిస్మమని పౌలు కొరింథీయులకు రాశాడు. వెట్టి నుంచి బయటపడ్డ జాతి కథ అది. పేటలో ఆ కథ చదువుకున్న మనిషికి కాలువలో మునిగి లేవడం అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేస్తే బాప్తిస్మాలు కూడా నీళ్లు వదిలేదాకా ఆగుతాయి, లేదా గోదారికి వెళ్లాలి.

రాజోలు వైపు ఆ నీళ్లు రావడానికి ఇంకో పెద్ద పని జరిగింది. వైనతేయ దాటితే గాని నగరం లంకకు నీరు లేదు. 1850లలో కాటన్ మనుషులు గన్నవరం దగ్గర నది మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి కాలువను దాటించారు. ఇప్పుడు నీళ్లు మోస్తున్నది దాని పక్కన కట్టిన కొత్తది. దానికి, ఆకలితో వచ్చిన ఎవరికైనా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. పాతది కట్టించిన యువ ఇంజనీరు పేరు హేగ్. ఫెలిక్స్ థాకరే హేగ్. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, కువైట్ దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

తొంభై ఆరు

ఇప్పటి తుపానులకు పేర్లున్నాయి. 2018 డిసెంబరులో కాట్రేనికోన దగ్గర తీరం దాటినది పెథాయ్. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర దాటినది మొంథా. మన సముద్రంలో ఈ పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చినదానికి పేరు లేదు. కోనసీమలో దాన్ని తొంభై ఆరు అంటారు, అంతే. ఇంకో నాలుగు రోజుల్లో దీపావళి. వెయ్యి మందికి పైగా పోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి పల్లెల్లో వేటకు వెళ్లి తిరిగిరాని మగవాళ్లు ఎందరో. నావల్లో ఫోన్లు లేని రోజులు, కబురు అందే దారి లేదు. లోపల ఊళ్లలో కొబ్బరిచెట్లు వరసలకు వరసలు పడిపోయాయి. కొత్త చెట్టు కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ దింపు కూలికి పని లేదు.

ఆ రాత్రి ప్రార్థన చెయ్యని ఇల్లు లేదు. ఎవరి దేవుణ్ణి వాళ్లు పిలుచుకున్నారు. గాలి మాత్రం గద్దించినట్టు ఆగలేదు. ఇక్కడ విశ్వాసం నిజాయితీగా మాట్లాడాలి. ఏ తుపాను తర్వాతైనా ‘పాపం పెరిగింది, దేవుడు శిక్షించాడు’ అని మైకు పట్టుకునే బోధకులుంటారు. వాళ్లు లూకా 13వ అధ్యాయం చదవాలి. సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తనే చెప్పాడు. వేటకు వెళ్లి రానివాడి భార్య ఎదుట నిలబడి పాపం లెక్కలు కట్టడానికి బైబిలు ఎవరికీ అధికారం ఇవ్వలేదు.

యోనా కథలో తుపాను మధ్య ఎవరెలా ప్రవర్తించారో గమనించండి. ఓడవాళ్లంతా అన్యులు. ఎవరి దేవతను వాళ్లు వేడుకుంటున్నారు. దేవుని ప్రవక్త అడుగున పడుకుని నిద్రపోతున్నాడు. తన్ను సముద్రంలో పడేస్తే గాలి ఆగుతుందని అతనే చెప్పినా, వాళ్లు పడెయ్యడానికి ఒప్పుకోక ఒడ్డుకు చేర్చాలని శక్తికొద్దీ తెడ్లు వేశారు. పరాయి మనిషి ప్రాణం కోసం. ఆ ఓడలో ప్రవక్తకంటే దయగలవాళ్లు కళాసీలు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఇంకా దగ్గరిది. పౌలు ఖైదీగా రోమాకు వెళుతున్న ఓడ. దాన్ని పట్టుకున్న పెనుగాలికి తెలుగు బైబిల్లో ఊరకులోను అని పేరుంది. పద్నాలుగు రాత్రులు కొట్టుకుపోయారు. సరుకులు పారేశారు. సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. ఓడలో 276 మంది. వారిలో విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మిగతావాళ్లు సైనికులు, ఖైదీలు, నావికులు. పౌలు తెల్లవారుజామున అందరి ఎదుటా రొట్టె తీసుకుని, దేవునికి కృతజ్ఞత చెప్పి తిన్నాడు, వాళ్లనూ తినమన్నాడు. ఓడ దక్కలేదు, ముక్కలైపోయింది. ఈత వచ్చినవాళ్లు ఈది, రానివాళ్లు పలకలు పట్టుకుని మెలితే ద్వీపం చేరారు. 276 మందీ బతికారు. దేవుడు పౌలుకు ఇచ్చిన మాట ఓడ గురించి కాదు, తోటి ప్రయాణికుల ప్రాణాల గురించి. తుపాను ప్రాంతంలో సంఘం పని ఏమిటని నన్నడిగితే ఈ అధ్యాయం చూపిస్తాను.

ఆ పని కొంత జరిగింది కూడా. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన తర్వాత ప్రొటెస్టెంటు చర్చిల సేవా సంస్థ కాసా మన తీరంలో తుపాను రక్షణ భవనాలు కట్టించింది. రామకృష్ణ మిషన్ ఇళ్లు కట్టింది. దివిసీమలో అప్పుడు ఎవరు ఎవరి కోసం కట్టారో చూస్తే మార్కు రాసిన ఆ పడవలు గుర్తొస్తాయి. గాలి మొదలైన రాత్రి గట్టి స్లాబు ఉన్న ఏ భవనమైనా ఊరందరిదీ. గుడి మంటపమైనా, చర్చి హాలైనా, బడి గదులైనా.

సముద్రానికి అవతల

ఇప్పుడు కోనసీమ క్రైస్తవ ఇళ్లలో సముద్రం అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. దుబాయి, మస్కట్, ఖతర్, అన్నిటికంటే ఎక్కువగా కువైట్. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు పేటల నుంచి ఇంటిపనికి ఆడవాళ్లు గల్ఫ్‌కు వెళ్లడం రెండు తరాల సంగతి. పెంకుటిల్లు డాబా అయిందంటే, తమ్ముడు ఇంజనీరింగు చదివాడంటే, దాని వెనక ఎక్కడో ఒక వంటగదిలో పదేళ్లు నిలబడ్డ ఆడమనిషి ఉంటుంది.

ఆదివారం కూటం చివర ప్రార్థన మనవులు అడిగేటప్పుడు వినండి. “మా అమ్మాయికి మూడు నెలలుగా జీతం ఇవ్వట్లేదంటండి అయ్యగారూ, పాసుపోర్టు కూడా సేటు దగ్గరే ఉందంట.” “మా కోడలు ఇల్లు మారిందండి, ఈ ఇంటివాళ్లు మంచోళ్లు అవ్వాలని ప్రార్థన చెయ్యండి.” చెప్పే ఆవిడ ఒడిలో ఆ అమ్మాయి కన్న పిల్లాడు ఉంటాడు. ఫోను పట్టుకుని వీడియోలో ఆరాధన చూపించేవాళ్లుంటారు. అవతల మాట బయటికి రాకుండా చెవిలో వైరు పెట్టుకుని, గిన్నెలు కడుగుతూ, పెదాలు మాత్రం కదుపుతున్న ముఖం ఆ చిన్న తెర మీద కనిపిస్తుంది.

కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి వారపు ఆరాధనకు ఎక్కువమంది వచ్చేది ఆ రోజే. కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు గంటల చొప్పున హాళ్లు పంచుకుంటాయి. తెలుగు సంఘాలూ అందులో ఉన్నాయి. సెలవు దొరికిన అమ్మాయి బస్సెక్కి అక్కడికి చేరితే ఆ రెండు గంటలూ రాజోలు యాస వినపడుతుంది.

ఆ చర్చి అక్కడికెలా వచ్చింది? గన్నవరం అక్విడక్టు కట్టిన హేగ్ తర్వాత దుమ్ముగూడెంలో ఎగువ గోదావరి పనులు చూశాడు, అక్కడ కోయల మధ్య మిషన్ మొదలవడానికి కారకుడయ్యాడు. జనరల్‌గా విశ్రాంతి తీసుకున్నాక, 1886లో చర్చ్ మిషనరీ సొసైటీ కోసం ఎర్రసముద్ర తీరాలు, యెమెన్ తిరిగాడు. అరేబియా గురించి ఆయన రాసినవి చదివి కదిలినవాడు కేంబ్రిడ్జి అరబిక్ పండితుడు అయాన్ కీత్-ఫాల్కనర్. అతను ఏడెన్ దగ్గర మకాం పెట్టి, 1887లో ముప్పై ఏళ్ల వయసులోనే జ్వరంతో చనిపోయాడు. ఆ బాటలోనే 1889లో అమెరికాలో అరేబియన్ మిషన్ పుట్టింది. అదే కువైట్‌లో ఆసుపత్రి నడిపింది, 1931లో చర్చి కట్టింది. రాజోలు తాలూకాకు మంచినీళ్లు దాటించిన మనిషి మొదలుపెట్టిన దారి చివర, రాజోలు ఆడబిడ్డలు మోకరించే చోటు ఉంది. దీన్ని దేవుని ఏర్పాటు అనే విశ్వాసితో నేను వాదించను.

అయితే ఆ ఆవరణకు చేరగలిగేది బయటికి పంపే ఇల్లు దొరికినవాళ్లే. ఇంటిపనివాళ్లకు వారానికో రోజు సెలవు ఇవ్వాలని కువైట్ 2015లో 68వ నెంబరు చట్టం చేసింది. చట్టం ఉన్నా గుమ్మం దాటనివ్వని ఇళ్లున్నాయి.

ప్రకటన గ్రంథం చివర యోహాను చూసిన కొత్త లోకంలో సముద్రం ఉండదు. వేట మీద బతికేవాడికి ఇదేం వాగ్దానం అనిపించవచ్చు. కానీ ఆ మాట రాసినప్పుడు యోహాను పత్మాసు ద్వీపంలో ప్రవాసంలో ఉన్నాడు. తనకూ తన సంఘాలకూ మధ్య ఉన్నది ఆ నీళ్లే. కూతురి గొంతు మాత్రమే వినగలిగే తల్లికి ఆ వాక్యం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

ఇక సంఘాలతో రెండు మాటలు సూటిగా చెప్పాలి. ప్రతి సంఘంలోనూ పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు పుస్తకాలున్నాయి. గల్ఫ్‌లో ఉన్నవారికి కూడా ఒక పుస్తకం పెట్టండి. పాసుపోర్టు నకలు, పనిచేసే ఇంటి చిరునామా, పంపిన ఏజెంటు ఫోను నెంబరు, కువైట్‌లో భారత రాయబార కార్యాలయం నెంబరు అందులో ఉండాలి. మన సంఘంవాళ్లవే కాదు, పేట మొత్తానివీ. పక్కింటి ముస్లిం ఆవిడవీ, ఎదురింటి హిందూ అమ్మాయివీ. ప్రార్థన మనవి వచ్చిన పూటే ఫోను చెయ్యడానికి అది పనికొస్తుంది. రెండోది, వాయుగుండం కబురు రాగానే చర్చి మైకులో మొదట చెప్పాల్సింది రేవుల్లో వేటకు సిద్ధమవుతున్నవాళ్లకు. ఏయే నావలు బయట ఉన్నాయో అడిగి తెలుసుకుని, ఆ రాత్రి ఆ పేర్లతో ప్రార్థించాలి. వాటి ముక్కు మీద గంగమ్మ బొట్టు ఉంటుంది. ఉండనివ్వండి.